డేనియల్ అనే బాతు, విమానంలో సీటు, మూడు చట్టాలు

2016 అక్టోబరులో అమెరికాలోని షార్లెట్ నుంచి ఆష్‌విల్ వెళ్లే విమానంలోకి ఒక బాతు వచ్చింది. కాళ్లకు ఎర్రని బూట్లు, వెనక కెప్టెన్ అమెరికా బొమ్మలున్న డైపర్. షార్లెట్, ఆష్‌విల్ రెండూ నార్త్ కరోలినాలోని ఊళ్లే, గంట కూడా పట్టని ప్రయాణం. ఆ బాతు కిటికీలోంచి బయటికి చూస్తుంటే, అదే విమానంలో ఉన్న ఒక రచయిత ఫొటో తీసి ట్విట్టర్‌లో పెట్టారు. కొద్ది రోజుల్లో ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. బాతు పేరు డేనియల్. పూర్తి పేరు డేనియల్ టర్డకెన్ స్టింకర్‌బట్. అప్పటికి దాని వయసు నాలుగేళ్లు. ఇండియన్ రన్నర్ జాతి. ఈ జాతి బాతులు మెడ, ఒళ్లు నిటారుగా పెట్టి మనిషిలా నిలబడతాయి, ఒరిగి ఒరిగి నడవకుండా చకచకా పరిగెడతాయి. ఆ వాలకం వల్లే ఫొటో అంతగా ఆకట్టుకుంది.

చూసినవాళ్లు ముచ్చటపడ్డారు, నవ్వుకున్నారు. కానీ దాని వెనక ఉన్న మనిషి పడిన బాధ చిన్నది కాదు. డేనియల్‌ను పెంచుతున్న ఆమెకు 2013లో పెద్ద రోడ్డు ప్రమాదం జరిగింది. ఆ తర్వాత పీటీఎస్‌డీ అనే మానసిక జబ్బు పట్టుకుంది. ప్రమాదం ఎప్పుడో అయిపోయినా ఒంటికి ఆ సంగతి తెలియనట్టు ఉంటుంది ఈ జబ్బులో. చిన్న చప్పుడుకే ఉలిక్కిపడతారు, నిద్ర పట్టదు, ఉన్నట్టుండి గుండెదడ, ఊపిరాడదేమోనన్న భయం. రెండు రోజుల పిల్లగా ఇంటికి వచ్చిన డేనియల్ అప్పటికే ఆమె వెంటే తిరుగుతూ పెరిగింది. తనకు అలా ఉన్నట్టుండి భయం కమ్మేసే పానిక్ అటాక్ రాబోతుంటే అది ముందే పసిగడుతుందని, పడుకోమన్నట్టు తన మీదికి ఎక్కుతుందని, ఒంటికి ఆనుకుని ఉంటుందని ఆమె విలేకరులకు చెప్పారు.

ఆ రోజు ఆ బాతు దొంగచాటుగా ఏమీ ఎక్కలేదు. అప్పటి నిబంధనల ప్రకారం ఎమోషనల్ సపోర్ట్ యానిమల్, అంటే మనసుకు ఊరట కోసం తోడుండే జంతువు, అన్న హోదాలోనే ఎక్కింది. ఇవాళ అదే బాతును తీసుకొచ్చి అదే హోదా చూపిస్తే ఎయిర్‌లైన్ తీసుకోనక్కర్లేదు. మధ్యలో మారింది చట్టం. అది ఎందుకు మారిందో చెప్పాలంటే, జనం ఒకటిగా కలిపేసే మూడు ప్రశ్నలను ముందు విడదీయాలి. జంతువు తోడుంటే మనిషికి ఊరట కలుగుతుందా? ఆ ఊరటను అందరి దగ్గరా హక్కుగా అడగొచ్చా? ఆ హక్కు బరువు ఎవరి మీద పడుతుంది? మొదటిదానికి అవునని చెప్పడం తేలిక. గొడవంతా మిగతా రెండింటి దగ్గర ఉంది.

పని చేయడం, పక్కన ఉండడం

అమెరికాలో వికలాంగుల హక్కులకు మూలమైన చట్టం 1990లో వచ్చింది. పేరు అమెరికన్స్ విత్ డిజేబిలిటీస్ యాక్ట్, పొట్టిగా ఏడీఏ. షాపు, హోటల్, ఆసుపత్రి, ప్రభుత్వ ఆఫీసు, ఇలా జనం వచ్చిపోయే చోట్లకు ఇది వర్తిస్తుంది. వైకల్యం ఉన్నవారికి సాయం చేసే సర్వీస్ యానిమల్‌ను 'జంతువులకు ప్రవేశం లేదు' అన్న బోర్డు ఉన్న చోటికి కూడా రానివ్వాలని ఈ చట్టం చెబుతుంది. మొదట్లో దీని నిబంధనల్లో గైడ్ డాగ్‌తో పాటు శిక్షణ పొందిన 'ఇతర జంతువు' అన్న మాట కూడా ఉండేది. కోతులూ పక్షులూ కూడా ఆ మాట కిందికి రావచ్చని వాదించే వీలుండేది. 2010లో అమెరికా న్యాయ శాఖ నిబంధనలను తిరగరాసింది. 2011 మార్చి 15 నుంచి సర్వీస్ యానిమల్ అంటే కుక్క మాత్రమే. శిక్షణ పొందిన పొట్టి గుర్రాలకు విడిగా ఒక వెసులుబాటు ఇచ్చారు. వాటి ఆయుష్షు ఎక్కువ, కుక్కలు పడని ఎలర్జీ ఉన్నవాళ్లకు అవి పనికొస్తాయి.

కుక్క అయితే చాలదు. ఆ మనిషి వైకల్యానికి సంబంధించిన నిర్దిష్టమైన పని ఒకటి చేసేలా దానికి శిక్షణ ఇచ్చి ఉండాలి. చూపు లేనివారికి దారి చూపడం, వినికిడి లేనివారికి తలుపు కొట్టిన సంగతి తెలియజేయడం, మూర్ఛ వచ్చినవారిని కాచుకోవడం, పీటీఎస్‌డీ ఉన్నవారిని పీడకల నుంచి లేపడం లాంటివి. ఓదార్పు ఇవ్వడం, తోడుండడం, మనసు కుదుటపరచడం మాత్రం 'పని' కిందికి రావని నిబంధనల్లో స్పష్టంగా రాశారు. మానసిక వైకల్యాన్ని తక్కువ చేసి చూడడం వల్ల ఆ మాట రాశారని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. మానసిక సమస్య ఉన్నవారి సర్వీస్ డాగ్‌కూ గైడ్ డాగ్‌కూ ఏడీఏ దృష్టిలో తేడా లేదు. తేడా ఉన్నది శిక్షణతో చేసే పనికీ, ఊరికే పక్కన ఉండి ఇచ్చే ఊరటకూ మధ్య.

డేనియల్ ఉదంతంలో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది ఇదే. పానిక్ అటాక్ రాబోతోందని పసిగట్టి, దాన్ని ఆపేందుకు లేదా తగ్గించేందుకు ఏదైనా పని చేసేలా శిక్షణ పొందిన కుక్క సర్వీస్ డాగ్ అవుతుందని న్యాయ శాఖ తన వివరణల్లో చెప్పింది. అదే కుక్క ఊరికే పక్కన కూర్చుంటే, దాన్ని చూసి యజమాని కుదుటపడితే, అది ఎమోషనల్ సపోర్ట్ యానిమల్. ఇప్పుడు డేనియల్ చేసేదేమిటి? ఆమె చెప్పినదాన్ని బట్టి అది పసిగడుతుంది, మీదికెక్కి పడుకోమని సూచిస్తుంది, ఒంటికి ఆనుకుంటుంది. చేతలను బట్టి చూస్తే సర్వీస్ డాగ్ పనికి చాలా దగ్గరగా ఉంది. కానీ ఎవరూ నేర్పింది కాదు, పైగా అది బాతు. ఆమె వైపు నుంచి ఆలోచిస్తే ఈ గీత అన్యాయంగా కనిపించవచ్చు. తనకు సాయపడింది అదే కదా, ఏ జాతి అయితే ఏం అనిపించవచ్చు. అయితే చట్టం రాసేవాళ్లు ఒక్క బాతు కోసం రాయరు. విమానంలోనో హోటల్లోనో ముక్కూ మొహం తెలియని మనుషుల మధ్య గంటల తరబడి కుదురుగా ఉండేలా నేర్పగలిగిన జంతువు ఏది, నేర్పినట్టు రుజువేమిటి అన్నవి వాళ్ల ముందుండే ప్రశ్నలు. ఆ లెక్కలో కుక్క దగ్గరికి ఏ జంతువూ రాదు.

ఏడీఏలో ఒక పెద్ద మంచి ఉంది, అందులోనే ఒక పెద్ద చిక్కు కూడా ఉంది. షాపువాళ్లు రెండే ప్రశ్నలు అడగొచ్చు. ఇది మీ వైకల్యం కారణంగా అవసరమైన సర్వీస్ డాగేనా? దేనికి శిక్షణ ఇచ్చారు? అంతకు మించి మీ జబ్బేమిటి, కాగితం చూపించండి, కుక్కతో ఆ పని చేయించి చూపించండి అనకూడదు. వికలాంగులు ప్రతి గుమ్మం దగ్గరా తమ శరీరాన్ని రుజువు చేసుకునే అవమానం పడకూడదని పెట్టిన నియమం ఇది. ప్రభుత్వం తరఫున సర్వీస్ డాగ్‌లకు రిజిస్ట్రేషన్ అనేదే లేదు. ఇంటర్నెట్‌లో అమ్మే కార్డులు, సర్టిఫికెట్లు, జాకెట్లు చట్టం దృష్టిలో దేనికీ పనికిరావు. ఇదంతా మాట మీద నడిచే పద్ధతి. అబద్ధం చెప్పదలచుకున్నవాడికి అడ్డు తక్కువ.

మూడో రకం ఒకటుంది, థెరపీ డాగ్. దీన్ని పై రెంటితో కలిపేస్తుంటారు. ఇది తన యజమానికి సాయం చేయదు. యజమాని దాన్ని ఆసుపత్రికో వృద్ధాశ్రమానికో తీసుకెళ్లి ఇతరులను కలిపిస్తాడు. ఈ ఆలోచనకు పేరు తెచ్చింది బోరిస్ లెవిన్సన్ అనే పిల్లల మనస్తత్వ నిపుణుడు. మాట్లాడని పిల్లవాడు ఒకడు లెవిన్సన్ కుక్క జింగిల్స్ దగ్గర కలివిడిగా ఉండడం గమనించి, చికిత్సలో కుక్కను సహాయకుడిగా వాడడం గురించి 1962లో ఆయన వ్యాసం రాశాడు. అప్పట్లో తోటి వైద్యులు కొందరు నవ్వారు. ఇప్పుడు చాలా ఆసుపత్రుల్లో అది మామూలు విషయం. థెరపీ డాగ్‌కు ప్రత్యేకమైన ప్రవేశ హక్కేమీ ఉండదు, పిలిచిన చోటికి వెళుతుంది, అంతే.

విమానం తలుపు ఎలా తెరుచుకుంది, ఎలా మూసుకుంది

ఏడీఏలో 2011 నుంచే బాతుకు చోటు లేనప్పుడు 2016లో డేనియల్ విమానం ఎలా ఎక్కింది? విమానాలకు ఏడీఏ వర్తించదు. వాటికి 1986 నాటి ఎయిర్ క్యారియర్ యాక్సెస్ యాక్ట్ ఉంది, దాన్ని చూసేది రవాణా శాఖ. ఆ శాఖ నిబంధనల్లో ఎమోషనల్ సపోర్ట్ జంతువులకు చోటుండేది. లైసెన్సు ఉన్న మానసిక వైద్య నిపుణుడు రాసిన లేఖ కావాలి. ఈ ప్రయాణికుడికి గుర్తింపు పొందిన మానసిక సమస్య ఉంది, నా దగ్గర చికిత్సలో ఉన్నాడు, ప్రయాణంలోనో చేరుకున్న చోటో ఈ జంతువు అవసరం అని అందులో ఉండాలి. లేఖ పాతబడి ఏడాది దాటకూడదు. పాములు, ఇతర సరీసృపాలు, ఫెర్రెట్లు, ఎలుక జాతి జంతువులు, సాలెపురుగులు వద్దనే అధికారం ఎయిర్‌లైన్లకు ఇచ్చారు. ఆ జాబితాలో బాతు లేదు.

ఉద్దేశం మంచిదే. విమానం అంటే వణికిపోయే మనిషి, తలుపు మూశాక దిగిపోవడానికి వీల్లేని చోట కూర్చోవాలి. అలాంటివాళ్లకు ఒళ్లో తెలిసిన ప్రాణి ఉండడం ఎంత ధైర్యమో ఊహించడం కష్టం కాదు. కానీ ఈ నియమం పక్కనే డబ్బు లెక్క ఒకటుంది. పెంపుడు కుక్కను క్యాబిన్‌లో తీసుకెళ్లాలంటే ఒక్కో వైపు ప్రయాణానికి వంద డాలర్లకు పైగా కట్టాలి, పైగా సీటు కింద బుట్టలో పట్టేంత చిన్నదై ఉండాలి. ఎమోషనల్ సపోర్ట్ అంటే ఫీజు లేదు, బుట్ట లేదు. దాంతో లేఖలు అమ్మే వెబ్‌సైట్లు పుట్టుకొచ్చాయి. నాలుగు ప్రశ్నలకు ఆన్‌లైన్‌లో జవాబులు ఇచ్చి, కార్డుతో డబ్బు కట్టి, ఎన్నడూ ముఖం చూడని వైద్యుడి సంతకంతో లేఖ తెచ్చుకోవచ్చు.

అమెరికా ఎయిర్‌లైన్ల సంఘం లెక్క ప్రకారం 2016లో 4,81,000 ఎమోషనల్ సపోర్ట్ జంతువులు విమానాల్లో ప్రయాణించాయి. 2017లో ఆ సంఖ్య 7,51,000. ఒక్క ఏడాదిలో అమెరికన్ల మానసిక సమస్యలు అంతగా పెరిగిపోయాయంటే నమ్మలేం. శిక్షణ లేని జంతువులు ఇరుకు సీట్ల మధ్య చేరాక జరగాల్సినవే జరిగాయి. 2017 జూన్‌లో అట్లాంటా నుంచి శాన్ డియాగో వెళ్లాల్సిన విమానంలో ఒక పెద్ద ఎమోషనల్ సపోర్ట్ కుక్క పక్క ప్రయాణికుడి ముఖం కరిచి తీవ్రంగా గాయపరిచింది. 2018 జనవరిలో న్యూఆర్క్ విమానాశ్రయంలో డెక్స్‌టర్ అనే నెమలిని యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఎక్కనివ్వలేదు. దాని యజమాని నెమలి కోసం విడిగా సీటు కొన్నానన్నా, పరిమాణం, బరువు చూపించి కాదన్నారు. నెమలి మీద వచ్చినన్ని జోకులు కరిచిన కుక్క మీద రాలేదు గానీ, నిబంధనలు మారడానికి బలమైన కారణం కుక్కలే.

అన్నిటికన్నా ఎక్కువ నష్టపోయినవాళ్ల గురించి వార్తల్లో తక్కువగా వచ్చింది. చూపు లేనివారికి గైడ్ డాగ్ కళ్లతో సమానం. అమెరికాలో తొలి గైడ్ డాగ్ శిక్షణ సంస్థ ద సీయింగ్ ఐ 1929లో మొదలైంది. ఆ కుక్కలను రెస్టారెంట్లలోకి, రైళ్లలోకి రానివ్వడానికే ఏళ్ల పోరాటం చేయాల్సి వచ్చింది. అలా సంపాదించుకున్న నమ్మకాన్ని, మొరిగే, కరిచే నకిలీ 'సపోర్ట్' కుక్కలు తినేశాయి. విమాన సిబ్బంది నిజమైన గైడ్ డాగ్‌ను కూడా అనుమానంగా చూడడం మొదలైంది. అదుపు లేని కుక్క ఒకటి మీద పడితే గైడ్ డాగ్ బెదిరిపోయి ఆ తర్వాత పనికే రాకుండా పోవచ్చు. నెలల తరబడి ఇచ్చిన శిక్షణ, ఒక మనిషి స్వేచ్ఛ ఒక్క నిమిషంలో పోతాయి. అందుకే వికలాంగుల సంఘాల్లోనూ చాలామంది నిబంధనలు బిగించమని అడిగారు. మానసిక వైకల్యం ఉన్నవారి తరఫున మాట్లాడేవాళ్లు వద్దన్నారు. రెండు వైపులా వికలాంగులే ఉన్న వాదన ఇది.

రవాణా శాఖ ముసాయిదా మీద 15,000కు పైగా అభిప్రాయాలు వచ్చాయి. 2020 డిసెంబరులో తుది నిబంధన వెలువడింది, 2021 జనవరి 11 నుంచి అమలైంది. విమానంలోనూ ఇక సర్వీస్ యానిమల్ అంటే శిక్షణ పొందిన కుక్కే. ఎమోషనల్ సపోర్ట్ జంతువులను మామూలు పెంపుడు జంతువులుగా చూడొచ్చు. ఒక ప్రయాణికుడికి రెండు సర్వీస్ డాగ్‌ల వరకే. కుక్క ఆరోగ్యం, శిక్షణ, ప్రవర్తన గురించి రవాణా శాఖ ఫారం నింపి సంతకం చేయమని ఎయిర్‌లైన్ అడగొచ్చు, అందులో తెలిసి అబద్ధం రాస్తే ఫెడరల్ నేరమని ఆ ఫారంలోనే ఉంటుంది. ఇదివరకు మానసిక సమస్య ఉన్నవారి సర్వీస్ డాగ్‌లకు విడిగా డాక్టరు లేఖ అడిగేవారు. ఆ వివక్షను కూడా ఇదే నిబంధన తీసేసింది. తలుపు మూసిన వార్త అందరికీ తెలిసింది, ఈ మేలు మాత్రం చాలామంది గమనించలేదు.

ఈ నిర్ణయం సరైనదేనని నా అభిప్రాయం. కానీ దాని దెబ్బ తగిలింది లేఖలు అమ్ముకున్నవాళ్లకు కాదు. వాళ్లు వెంటనే 'సర్వీస్ డాగ్ ప్యాకేజీ' అమ్మడం మొదలుపెట్టారు. నష్టపోయింది నిజంగా జబ్బుతో ఉండి, నిజమైన వైద్యుడి లేఖతో, తమ జంతువును కుదురుగా ఒళ్లో పెట్టుకుని ప్రయాణించినవాళ్లు. వాళ్లకు మిగిలిన దారి కుక్కను తెచ్చుకుని శిక్షణ ఇప్పించుకోవడం. సొంతంగా శిక్షణ ఇచ్చుకోవడాన్ని ఏడీఏ, రవాణా శాఖ రెండూ ఒప్పుకుంటాయి. కానీ పానిక్ అటాక్‌లతో ఇల్లు కదల్లేని మనిషికి అది చిన్న పని కాదు. శిక్షణ సంస్థ నుంచి తీసుకుంటే వేల డాలర్ల ఖర్చు.

ఇంట్లో మాత్రం లెక్క వేరు

మూడో చట్టం ఫెయిర్ హౌసింగ్ యాక్ట్. 1968 నాటిది, 1988లో వికలాంగులను కూడా చేర్చారు. దీని కింద ఎమోషనల్ సపోర్ట్ జంతువుకు ఇప్పటికీ చోటుంది. ఎందుకంటే ఇల్లు వేరు, విమానం వేరు. విమానంలో పక్క సీటు మనిషికి తప్పించుకునే చోటు లేదు. ఇల్లు మనిషి బతికే చోటు, జంతువు నాలుగ్గోడల మధ్యే ఉంటుంది. వైకల్యం ఉన్న అద్దెదారుకు ఆ జంతువు అవసరమని నమ్మదగిన ఆధారం ఉంటే, పెంపుడు జంతువులు వద్దనే నియమాన్ని యజమాని సడలించాలి, జంతువు ఉన్నందుకు అదనంగా వేసే పెట్ రెంట్, పెట్ డిపాజిట్ అడగకూడదు. జంతువు ఏదైనా పాడుచేస్తే ఆ నష్టం మాత్రం వసూలు చేయొచ్చు. యజమాని తానే ఒక వాటాలో ఉంటూ నాలుగు వాటాలకు మించని ఇంటిని అద్దెకిస్తే ఈ చట్టం సాధారణంగా వర్తించదు.

కాలేజీ హాస్టళ్లకు ఇది వర్తిస్తుందా అన్న ప్రశ్న నెబ్రాస్కాలో కోర్టుకెక్కింది. ఆందోళన, డిప్రెషన్ ఉన్న ఒక విద్యార్థిని తన కుక్కను యూనివర్సిటీ అపార్ట్‌మెంట్‌లో ఉంచుకుంటానంటే యూనివర్సిటీ ఆఫ్ నెబ్రాస్కా ఎట్ కియర్నీ కాదంది. విద్యార్థుల వసతి కూడా ఇల్లే, చట్టం వర్తిస్తుందని 2013లో ఫెడరల్ కోర్టు చెప్పింది. 2015లో 1,40,000 డాలర్ల రాజీతో కేసు ముగిసింది. ఆ తర్వాత అమెరికా క్యాంపస్‌లలో ఈ అభ్యర్థనలు మామూలైపోయాయి.

అయితే ఇంట్లోనూ బాతు దారి సులువు కాదు. అమెరికా గృహనిర్మాణ శాఖ 2020 జనవరిలో ఇచ్చి, 2025లో వెనక్కి తీసుకున్న మార్గదర్శకాల్లో జంతువులను రెండుగా విడదీసింది. కుక్క, పిల్లి, చిన్న పక్షి, కుందేలు, చేప, తాబేలు లాంటివి ఇళ్లలో మామూలుగా ఉండేవి. కోతి, కంగారూ, తాబేలు కాని సరీసృపాలు, పశువుల కొట్టంలో ఉండే జీవాలు మామూలుగా ఉండనివి. రెండో రకం కావాలనుకుంటే అదే ఎందుకు కావాలో గట్టిగా రుజువు చేసుకోవాల్సిన భారం అద్దెదారు మీదే పెట్టింది. వీటి పైన ఊరి నిబంధనలు ఒకటి. ఒహాయోలోని ఒక చిన్న ఊళ్లో, ఇరాక్ యుద్ధంలో గాయపడి పీటీఎస్‌డీతో తిరిగొచ్చిన మాజీ సైనికుడు 14 బాతులను పెంచుకున్నాడు. వాటి వెంట తిరగడమే తనను మంచం మీంచి లేపుతోందని ఆయన చెప్పాడు. ఊళ్లో అలాంటి జీవాలను పెంచకూడదని 2010లో చేసిన నిబంధన కింద 2014లో ఆయన మీద కేసు పెట్టారు. యుద్ధంలో అరిగిపోయిన మనిషి పెరట్లో తన బాతులు మేపుకోవడానికి కోర్టు మెట్లెక్కాల్సి రావడం నాకు బాధ కలిగించే విషయం. విమానం విషయంలో కట్టుదిట్టంగా ఉండాలనుకునే నేను పెరడు విషయంలో అంత పట్టింపు అక్కర్లేదంటాను. అక్కడ ఎదుటివాళ్ల మీద పడే భారం వాసన, చప్పుడు, అంతే. వాటిని పొరుగువాళ్లు కూర్చుని సర్దుకోవచ్చు.

లేఖల వ్యాపారాన్ని అరికట్టడానికి రాష్ట్రాలు కూడా కదిలాయి. ఫ్లోరిడా 2020లో చట్టం చేసింది. కాలిఫోర్నియాలో 2022 జనవరి 1 నుంచి, ఎమోషనల్ సపోర్ట్ కుక్క కోసం లేఖ రాయాలంటే వైద్యుడికి ఆ మనిషితో కనీసం 30 రోజుల ముందు నుంచి చికిత్స సంబంధం ఉండాలి.

నిజంగా పనిచేస్తుందా?

జంతువు పక్కనుంటే మనసు తేలికపడుతుందని అనుభవం ఉన్నవాళ్లెవరూ కాదనరు. వైద్యం అని పిలవడానికి మాత్రం అంతకన్నా గట్టి ఆధారం కావాలి. పరిశోధన దాదాపు అంతా కుక్కల మీద, గుర్రాల మీద జరిగింది. అందులో చెప్పుకోదగ్గది అమెరికా మాజీ సైనికుల శాఖ చేయించిన అధ్యయనం. పీటీఎస్‌డీ ఉన్న మాజీ సైనికుల్లో కొందరికి శిక్షణ పొందిన సర్వీస్ డాగ్‌లను, కొందరికి మంచి ప్రవర్తన ఉన్న ఎమోషనల్ సపోర్ట్ డాగ్‌లను ఇచ్చారు. మొత్తం 181 మందికి కుక్కలు అందాయి. 2021లో వెల్లడైన ఫలితాల ప్రకారం రెండు గుంపుల్లోనూ మెరుగుదల కనిపించింది. రోజువారీ పనులు చేసుకోగలగడంలో, జీవన నాణ్యతలో రెంటికీ పెద్ద తేడా తేలలేదు. పీటీఎస్‌డీ లక్షణాలు తగ్గడంలో, ఆత్మహత్య ఆలోచనలు, ప్రయత్నాల విషయంలో సర్వీస్ డాగ్‌లు పొందినవాళ్లు కొంత మెరుగ్గా ఉన్నారు. అదే ఏడాది మాజీ సైనికులకు కుక్కల శిక్షణ ద్వారా చికిత్స అందించే చట్టం కూడా అమెరికాలో వచ్చింది.

ఇందులోంచి నాకు అర్థమయ్యేది ఒకటుంది. మామూలు కుక్క కూడా మేలు చేసింది, కాబట్టి ఎమోషనల్ సపోర్ట్ అనేది వట్టి మాట కాదు. శిక్షణ అదనపు మేలు చేసింది, కాబట్టి చట్టం శిక్షణ దగ్గర గీత గీయడమూ తలాతోకా లేని పని కాదు. ఇంకో మాట కూడా ఉంది. పీటీఎస్‌డీకి మాటలతో చేసే చికిత్సలు, మందులు ఉన్నాయి, అవి పనిచేస్తాయని రుజువైంది. జంతువు వాటికి తోడుగా రావాలి, వాటి చోట కాదు. ఆన్‌లైన్‌లో లేఖ కొనుక్కున్న మనిషికి నిజంగానే జబ్బు ఉంటే, అతనికి కుక్క దొరికింది గానీ చికిత్స దొరకలేదు. ఆ వ్యాపారంలో నాకు అన్నిటికన్నా క్రూరంగా కనిపించేది ఇదే.

బాతు వైపు నుంచి

ఈ చర్చల్లో ఎవరూ అడగనిది బాతు సంగతి. గుడ్డులోంచి బయటికొచ్చిన బాతుపిల్ల తొలి గంటల్లో తన ముందు కదిలినదాన్నే తల్లిగా నమ్మి దాని వెంట పడుతుంది. కోన్రాడ్ లోరెంజ్ అనే శాస్త్రవేత్త బాతుల మీద, పెద్దబాతుల మీద చేసిన పరిశీలనలతో ఈ 'ముద్ర' (ఇంప్రింటింగ్) సంగతి ప్రపంచానికి బాగా తెలిసింది. జంతువుల ప్రవర్తన మీద కృషికి 1973లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది. రెండు రోజుల వయసు నుంచి మనిషి చేతుల్లో పెరిగిన డేనియల్ ఆమెను వదలకపోవడానికి ఒక కారణం ఇదే అయ్యుండాలి. దానికి ఆమే గుంపు.

బాతు గుంపులో బతికే పక్షి. కోతలయ్యాక గోదావరి జిల్లాల పొలాల్లో వందల బాతులు ఒక్కటిగా కదలడం చూసినవాళ్లకు ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఒంటరిగా పెంచితే మనిషి రోజంతా దానితో ఉండాలి. కళ్లు, ముక్కు శుభ్రం చేసుకోవడానికి తల మునిగేంత లోతు నీళ్లు కావాలి. గట్టి నేల మీద ఎక్కువ కాలం నడిస్తే అరికాళ్లు పుండ్లు పడతాయి. డేనియల్ బూట్లు ముచ్చట కోసమే అనిపించినా కాళ్లకు రక్షణ కూడా అవే. బాతుకు మలవిసర్జన ఆపుకోవడం నేర్పడం సాధ్యం కాదు, అందుకే డైపర్, దాన్ని ఎప్పటికప్పుడు మార్చాలి. ఆరోగ్యం సంగతి కూడా ఉంది. బాతులు, కోళ్ల నుంచి సాల్మొనెల్లా మనుషులకు సోకుతుంది, అయిదేళ్ల లోపు పిల్లలను వాటిని ముట్టుకోనివ్వొద్దని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ చెబుతుంది. 2022 నుంచి అక్కడ పక్షుల్లో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ విస్తరించింది. బాతులు పెద్దగా జబ్బు పడకుండానే ఆ వైరస్‌ను మోయగలవు. మన దగ్గర 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూతో కోళ్లు చచ్చిపోవడం చూశాం. ఈ రోజుల్లో మూసి ఉన్న విమానంలో వందమంది మధ్య బాతును కూర్చోబెట్టడం 2016లో ఉన్నంత తేలిక విషయం కాదు.

మనవాళ్లకు ఇది ఎక్కడ తగులుతుంది

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో అపార్ట్‌మెంట్‌లో అద్దెకుంటున్న తెలుగువాళ్లకు ఈ విషయం సాధారణంగా పెట్ రెంట్ రూపంలో ఎదురవుతుంది. కుక్కపిల్లను తెచ్చుకోగానే ఎవరో ఒకరు, ఆన్‌లైన్‌లో లేఖ తీసుకో, నెలనెలా కట్టక్కర్లేదు అని సలహా ఇస్తారు. ఆ సలహా వినొద్దని గట్టిగా చెబుతాను. అలాంటి సైట్లు ఇచ్చే సర్టిఫికెట్ ఒక్కటే నమ్మదగిన ఆధారం కాదని గృహనిర్మాణ శాఖ 2020 మార్గదర్శకాలే అన్నాయి. సర్వీస్ డాగ్ అని అబద్ధం చెప్పడం చాలా రాష్ట్రాల్లో శిక్షార్హం. దాని కన్నా, ప్రతి నకిలీ లేఖా నిజమైన లేఖ విలువను ఇంకొంచెం తగ్గిస్తుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది, మనవాళ్లలో అదే ఎక్కువ మాట్లాడుకోవాల్సినది. వీసా టెన్షన్, ఉద్యోగం టెన్షన్, ఒంటరితనం మధ్య నిజంగానే డిప్రెషన్‌తోనో పానిక్ అటాక్‌లతోనో ఉన్నవాళ్లు, ఇంట్లో చెప్పుకోలేక, డాక్టరు దగ్గరికి వెళ్లలేక ఉండిపోతారు. అలాంటివాళ్లకు ఈ చట్టంలో హక్కు ఉంది, వాడుకోవడం తప్పు కాదు. యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌లోనో బయటో ముందు చికిత్స మొదలుపెట్టాలి. జంతువు తోడు పనికొస్తుందని మీకు చికిత్స చేస్తున్న నిపుణుడే అనుకుంటే లేఖ ఆయనే రాస్తారు. అందులో జబ్బు పేరు, వివరాలు ఉండాల్సిన పని లేదు. వైకల్యం ఉందని, దానికి ఈ జంతువు ఎలా సాయపడుతుందో చెబితే చాలు. ఆ లేఖతో అపార్ట్‌మెంట్ ఆఫీసుకో, యూనివర్సిటీలోని వికలాంగుల సేవల విభాగానికో రాతపూర్వకంగా అభ్యర్థన పెట్టాలి, వీలైతే జంతువును ఇంటికి తేకముందే. కాదంటే గృహనిర్మాణ శాఖకు ఫిర్యాదు చేయొచ్చు, జరిగిన రోజు నుంచి ఏడాది గడువు ఉంటుంది.

మన దేశంలో ఎమోషనల్ సపోర్ట్ యానిమల్ అనే హోదా చట్టంలో లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మానసిక అనారోగ్యాన్ని వైకల్యంగా గుర్తించింది, 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం చికిత్స పొందే హక్కు ఇచ్చింది, కానీ జంతువు తోడు గురించి రెండూ ఏమీ చెప్పవు. విమానాల్లో పెంపుడు కుక్కలను, పిల్లులను తీసుకెళ్లడం ఎయిర్‌లైన్ ఇష్టాన్ని బట్టి ఉంటుంది. ఆకాశ ఎయిర్ 2022 నవంబరు నుంచి క్యాబిన్‌లో అనుమతిస్తోంది. అమెరికాలో తీసుకున్న లేఖ చూపించి ఇక్కడ ఏ ఎయిర్‌లైన్‌నూ హక్కుగా అడగలేం. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో కుక్కల గొడవలకు మాత్రం జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు పనికొస్తాయి. అద్దెదారులైనా సొంతదారులైనా పెంపుడు జంతువులను పూర్తిగా నిషేధించే అధికారం అసోసియేషన్లకు లేదని అవి చెబుతాయి. దానికి మానసిక వైద్యుడి లేఖ అక్కర్లేదు.